కాలికి కట్టిన బలపం

తిరిగే కాలూ, తిట్టే నోరూ ఊరకుండవని మన సామెత. ఎవరు కట్టారో గాని కాలును తీసుకుపోయి నోటి పక్కన కూర్చోబెట్టారు. తిట్టడం ఎంత చెడ్డ అలవాటో తిరగడమూ అంతేనని వారి తాత్పర్యం కాబోలు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్నారు. దూరపు కొండలు నునుపన్నారు. పనీపాటా లేనివాణ్ణి చూసి 'ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు' అంటాం. మొత్తమ్మీద మన భాషకు పాదాల మీద నమ్మకం తక్కువ. అయితే ఒక్క మాట మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. కాలికి బలపం కట్టుకుని తిరగడం. అదీ మెచ్చుకోలుగా అనే మాట కాదు, నిజమే. కాని ఆ బొమ్మను ఒక్కసారి ఊహించుకోండి. బలపం రాసే వస్తువు. దాన్ని కాలికి కట్టుకుంటే అడుగడుక్కీ నేల మీద గీత పడుతుంది. అంటే తిరిగినవాడు తిరిగినంత మేరా రాసినట్టే లెక్క. ఆ రాతను ఎవరైనా చదివారా లేదా అన్నది వేరే సంగతి. ఈ వ్యాసం ఆ వేరే సంగతి గురించే.

దానికి ముందు ఇంకో మాట చూడాలి. సెలవు. ఆఫీసుకు పోనక్కర్లేని రోజు సెలవు. వీధి గుమ్మం దాటుతూ చెప్పేది సెలవు. ఉత్తరం చివర రాసేది సెలవు. పెద్దవాళ్ళు ఏదైనా అంటే సెలవిచ్చారంటాం. 'తమ సెలవైతే' అంటే తమరు అనుమతిస్తే అని. సెలవు రోజు, వీడ్కోలు, ఆజ్ఞ, అనుమతి - ఇన్నిటికీ కలిపి ఒకే మాట పెట్టుకున్న జాతి మనది. బెంగళూరులో మూడు భాషల మధ్య బతికేవాళ్ళకు ఇందులో ఇంకో తమాషా కనిపిస్తుంది. మా పక్కింటి తమిళులకు సెలవు అంటే ఖర్చు. 'వెళ్ళడం' అనే అర్థమిచ్చే ధాతువులోంచి వచ్చింది, చేతిలోంచి వెళ్ళిపోయేది కనుక. కన్నడంలో సెలవు రోజును రజె అంటారు. అది అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చిన రజా. దానికీ సమ్మతి అనే అర్థం. ఎటు తిరిగీ తేలేదేమిటంటే ఇల్లు కదిలి పోవాలంటే ఎవరో ఒకరు ఒప్పుకోవాలి, చేతిలోంచి ఎంతో కొంత పోవాలి. తిరగాలన్న కోరిక గురించి మాట్లాడేటప్పుడు మనం కొండలనూ నదులనూ వర్ణిస్తాం గాని ఈ ఒప్పుకోలు సంగతి ఎత్తం.

తెలుగులో యాత్రా రచన అనగానే ముందు గుర్తుకొచ్చే మనిషి కూడా మనలాగే తెలుగునాడుకు బయట పట్నంలో ఉద్యోగం చేసుకున్నవాడే. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. తిరుపతి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ. అటునుంచి తీరం వెంబడి మన జిల్లాలన్నీ దాటుకుంటూ వెనక్కి. దారిలో చూసింది చూసినట్టు తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాస్తూ పోయాడు. 1836లో వీరాస్వామయ్య కన్నుమూశాక, 1838లో పిళ్ళె దాన్ని అచ్చు వేయించాడు. అదే కాశీయాత్ర చరిత్ర.

ఆ పుస్తకం చదివేవారిని మొదట ఆశ్చర్యపరిచేది అందులో భక్తికంటే లెక్కలు ఎక్కువ కనిపించడం. మజిలీకీ మజిలీకీ ఎంత దూరం, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది, ఏ నదిని ఎలా దాటాలి, ఎక్కడి జనం ఏ భాష మాట్లాడతారు - ఇవి. పుణ్యానికి పోతూ ఇవన్నీ ఎందుకు రాశాడంటారా? దుబాసీ కనుక. కోర్టులో రోజంతా ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పడం ఆయన పని. కొలువు నుంచి సెలవు తీసుకున్నాడే గాని, పని నేర్పిన చూపును ఇంట్లో వదిలి పోలేదు. నేను చెన్నపట్నం చూపించినట్టే కాశీని ఇంకొకరికి చూపించాలన్న తపన ఆ లెక్కల్లో ఉంది. పని వేరు, యాత్ర వేరు. పని మనిషిని తొక్కేస్తుంది, యాత్ర వచ్చి లేపుతుంది అని ఈనాడు అందరూ అనే మాట ఆ పుస్తకం ముందు నిలవదు. పని లేని మనిషి రాసి ఉంటే ఆ పుస్తకం అలా ఉండేది కాదు.

మరి ఆ పుస్తకంలోనే ఇంకో వరస మనుషులున్నారు. ఆయన కాలినడకన పోలేదు. బంధువులూ పరిజనమూ కలిసి దాదాపు నూరు మంది, పల్లకీలు, వాటిని మోసే బోయీలు. కాశీకి పోయి వచ్చిన బోయీలు కూడా ఆ ఊళ్ళన్నీ చూశారు. ఇంకా చెప్పాలంటే ఆయనకన్నా దగ్గరగా చూశారు. ఆయన పల్లకీలోంచి చూసిన దారి ప్రతి గజమూ వాళ్ళ అరికాళ్ళకు తెలుసు. బలపం నిజంగా కాలికి కట్టుకున్నవాళ్ళు వాళ్ళే. యాత్ర చరిత్ర మాత్రం ఆయనది. ఇందులో వీరాస్వామయ్యను తప్పుపట్టడానికి ఏమీ లేదు. 1830లో అంత దూరం పోవాలంటే అదొక్కటే దారి. పైగా మోసేవాళ్ళు కనబడకుండా చేసే నేర్పు ఆయనకు లేదు. ఆ నేర్పు మన కాలానిది.

నేను ఈ ఊళ్ళోనే ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేసి బయటపడ్డవాణ్ణి. మా తరం ఉద్యోగులకు యాత్ర అంటే ఎల్.టి.సి. కేంద్ర ప్రభుత్వం 1956లో మొదలుపెట్టిన ఈ రాయితీని ప్రభుత్వ రంగ సంస్థలు కూడా తమ తమ పద్ధతుల్లో తెచ్చుకున్నాయి. రెండేళ్ళకోసారి కుటుంబంతో స్వగ్రామం పోయి రావచ్చు. నాలుగేళ్ళకోసారి దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. చార్జీలు యాజమాన్యం ఇస్తుంది. మధ్యతరగతి భారతీయుడు కన్యాకుమారినీ కాశ్మీరాన్నీ చూశాడంటే అందులో కవుల గొప్ప ఎంతో, ఆ గుమాస్తా కాగితాల గొప్పా అంతే. వెళ్ళకుండానే వెళ్ళినట్టు బిల్లులు పెట్టినవాళ్ళూ లేకపోలేదు. అదలా ఉంచండి.

ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది. స్వగ్రామం. ఉద్యోగంలో చేరగానే అది ప్రకటించాలి. ఒకసారి ప్రకటిస్తే అంతే. గట్టి కారణం చూపిస్తే సర్వీసు మొత్తమ్మీద ఒక్కసారి మార్చనిస్తారు. స్వగ్రామం అంటే ఏమిటో కూడా సర్కారు నిబంధనలు చెబుతాయి. అక్కడ ఆస్తి ఉందా, దగ్గరి బంధువులున్నారా, ఇంటి బాధ్యతల కోసం అప్పుడప్పుడు పోవలసి వస్తుందా, ఉద్యోగానికి ముందు అక్కడ కొన్నేళ్ళు ఉన్నావా. వేదాంతులు తేల్చలేని ప్రశ్నను నాలుగు ముక్కల్లో తేల్చేశారు. శ్రీకాకుళం నుంచీ, నెల్లూరు నుంచీ వచ్చిన మా సహోద్యోగులు తడుముకోకుండా ఆ గడి నింపేవారు. ఇబ్బంది మావంటి వాళ్ళది. మా తాత చింతామణి తాలూకా పల్లె నుంచి బిన్నీ మిల్లు పనికి వచ్చాడు. ఆ పల్లెలోనూ ఇంటి భాష తెలుగే, కచేరీ భాష కన్నడమే. మేం పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగువాళ్ళం కనుక మా ఊరు ఎక్కడో ఆంధ్రలో ఉంటుందని ఇక్కడివాళ్ళు అనుకుంటారు. ఆంధ్రకు పోతే 'మీది బెంగళూరా' అంటారు. 'ఏ ఊరు మీది?' అని గుమాస్తా అడిగినప్పుడు 'ఈ ఊరే' అన్నాను. 'ఈ ఊరే అయితే స్వగ్రామం రాయితీ రాదు, ఎందుకైనా మంచిది, ఇంకేదైనా ఊరు రాసుకోండి' అని ఆయన మంచికే చెప్పాడు. నేను బెంగళూరు అనే రాశాను. ఆ రాయితీ సర్వీసంతా రాలేదు. పోయిన డబ్బు తక్కువేమీ కాదు. కాని ఉన్న ఊరినే సొంత ఊరు అనుకోవడం వల్ల ఒక మేలు జరిగింది. ఎక్కడికి పోయినా ఇది నా ఊరు కాదన్న బెంగ లేకుండా, అది వాళ్ళ ఊరు అన్న గౌరవంతో చూడగలిగాను. నాలుగేళ్ళకోసారి దొరికే యాత్రల్లో కాశీ ఒకటి. సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ మొఘల్‌సరాయి దాకా తీసుకుపోయింది. రైలెక్కిన రెండు రోజులకే గంగ కనిపించింది. వీరాస్వామయ్యకు నెలలు పట్టింది. నన్ను మోసిన బోయీలు ఇంజన్‌లో ఉన్నారు, పట్టాల పక్కన గ్యాంగ్‌మన్ గుడిసెల్లో ఉన్నారు; ఒక్కరి మొహమూ నాకు తెలియదు.

ఇప్పటి బెంగళూరు ఎల్.టి.సి. తరం చేతిలో లేదు. శుక్రవారం సాయంత్రం హెబ్బాళం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, ఈ ఊరికి ఊరంటే ఎంత విసుగో. నందికొండకు, లేపాక్షికి, గండికోటకు బారులు తీరిన కార్లు. ఆదివారం రాత్రి అవే కార్లు అంతే విసుగుతో వెనక్కి. వారమంతా ఒక తెర ముందు కూర్చున్న కళ్ళకు కొండ చూడాలనిపించడంలో వింత లేదు. తిరగాలనే కోరికను వేళాకోళం చేసే వృద్ధుల్లో నేను లేను. అయితే అది ఎక్కడి నుంచి పుడుతోందో చూడాలి గదా! ఈ ఊళ్ళో చాలామందికి అది చేసే పని మీద కోపం నుంచి పుడుతోంది. కోపంతో పోయినవాడు పోయిన చోటుని చూడడు. వదిలి వచ్చినదాన్నే తలుచుకుంటుంటాడు.

మా చెల్లెలి కొడుకు ఉన్నాడు. ముప్పై నిండాయి. కంప్యూటర్ ఉద్యోగం, మంచి జీతం. మొన్నామధ్య రాజీనామా ఇచ్చేసి, మోటారు సైకిలేసుకుని ఉత్తరానికి పోతానన్నాడు. ఇంట్లో యుద్ధం. 'అన్నా, నువ్వైనా వీడికి బుద్ధి చెప్పు' అని మా చెల్లెలు నన్ను పిలిపించింది. నేను పోయి కూర్చున్నాను. వాడు నన్నే ఎదురడిగాడు. 'మామా, ఎవర్నీ సెలవడక్కుండా నువ్వు ఒక్కసారైనా ఎక్కడికైనా పోయినావా?' లేదన్నాను. 'అందుకే నీ యాత్రలన్నీ పదిహేను రోజులకు అయిపోయినాయి' అన్నాడు.

వాడి బల్ల మీద రాహుల్ సాంకృత్యాయన్ ఘుమక్కడ్ శాస్త్రం ఉంది. ఓల్గా నుంచి గంగకు రాసిన రాహుల్‌జీ తెలుగువారికి పరాయివాడు కాడు. దేశదిమ్మరితనాన్ని ఒక ధర్మంగా నిలబెట్టి, దానికి శాస్త్రం రాసిన మనిషి ఆయన. ఆడవాళ్ళు కూడా తిరగాలని ఆ రోజుల్లోనే వాదించాడు. టిబెట్టు నుంచి కంచర గాడిదల మీద పాత తాళపత్రాలూ గ్రంథాలూ మోయించుకొచ్చి, ఈ దేశం పోగొట్టుకున్న బౌద్ధ సాహిత్యాన్ని తిరిగి చూపించాడు. అంతటి తిరుగుడుకు ఎవర్ని సెలవడిగాడు? ఎవర్నీ అడగలేదు. ఊహ తెలియని వయసులో పెద్దలు పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిని ఆయన ఒప్పుకోలేదు, ఆ ఇల్లాలితో కాపురం చేయలేదు. యాభై ఏళ్ళు నిండే దాకా సొంత జిల్లా ఆజంగఢ్‌లో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకుని, 1943లో గాని పోలేదు. బాల్య వివాహం ఆయన చేసిన తప్పు కాదు. ఆమె చేసిన తప్పూ కాదు. కాని ఆయనకు లోకం దొరికింది, ఆమెకు ఆ ఊరు మిగిలింది. ఆయన పుస్తకాల పక్కన ఆమె నోరు విప్పని ఏళ్ళు కూడా ఒక సంపుటంగా ఉన్నాయని నేను మా మేనల్లుడితో అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, 'నాకింకా పెళ్ళి కాలేదు కదా మామా' అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాడు పోయాడు.

ఏడు నెలలు తిరిగాడు. అందులో రెండు నెలలు హిమాచలంలో ఒక కొండ ఊరి సత్రంలో ఉన్నాడు. తిండీ పడకా ఉచితం. బదులుగా వచ్చినవాళ్ళకు గదులు చూపించాలి, పాత్రలు కడగాలి. ఈ వార్త విని మా చెల్లెలు, 'ఇంట్లో తిన్న కంచం ఏనాడూ ఎత్తనివాడు అంత దూరం పోయి గిన్నెలు తోముతున్నాడా' అని నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. నాకు మాత్రం సంతోషం వేసింది. పని నుంచి పారిపోయినవాడు పనిలోకే పోయి పడ్డాడు. ఈసారి ఆ పనిని వాడే ఎంచుకున్నాడు.

వాడు అలా తిరుగుతున్న రోజుల్లోనే మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల ఇల్లు లేవడం మొదలైంది. పని చేయించే మేస్త్రీది నారాయణపేట వైపు పల్లె, పాత పాలమూరు జిల్లా. పాలమూరు లేబరు పేరు విననివారుండరు. నాగార్జునసాగర్ మొదలుకొని ఈ దేశంలో ఎన్నో ఆనకట్టలూ కాలువలూ వాళ్ళ చేతుల మీద లేచాయి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఊళ్ళోంచి జనాన్ని తోలుకుపోతాడు. బాకీ తీరే దాకా వాళ్ళు అక్కడే. ఈ మేస్త్రీ కూడా అలాగే కూలీగా మొదలై పైకొచ్చినవాడు. సాయంత్రం నీళ్ళ తొట్టి గోడ మీద కూర్చుని మాట్లాడేవాడు. తెలుగు మాట్లాడే ఇల్లు పక్కనే దొరికిందని అతనికి ఆనందం. అతను తిరిగిన ఊళ్ళ పేర్లు వింటే నాకు అసూయ పుట్టింది. పుణె, బొంబాయి, సూరత్, గోవా, హుబ్బళ్ళి, ఇంకా నేను పటంలో వెతుక్కోవలసినవి. ఒక్కో ఊరికీ అతని దగ్గర ఒక్కో గుర్తు ఉంది. ఎక్కడ ఎంత లోతు తవ్వితే గట్టి నేల తగులుతుంది, ఎక్కడి నీళ్ళు సిమెంటుకు పడవు, ఏ ఊళ్ళో ఇసుక కడిగి వాడాలి. వీరాస్వామయ్య ఉంటే ఇతన్ని కూర్చోబెట్టుకుని అన్నీ రాసుకునేవాడు.

'బొంబాయిలో సముద్రం చూశావా?' అని అడిగాను. 'పదిహేడో అంతస్తుల స్లాబు ఏసేటప్పుడు రోజూ కండ్ల ముందే ఉండె సారూ. ఆ ఇండ్లు కొన్నోళ్ళ కన్న ముందు మేమే జూసినం. దగ్గరికైతే పోలే. ఆదివారం గూడ పనే ఉండె' అన్నాడు.

ఈ మాట విన్నవారికి జాలి కలుగుతుంది. నాకూ కలిగింది. ఆ జాలితోనే, అప్పుల బాధ లేకపోతే ఇంత దూరం ఎవరొస్తారులే అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. 'అప్పు ఉంటది సారూ, లేదనను. గని పోరగాండ్లకు ఊర్లు జూడాలెనని ఉండదా? నాకు పదహారేండ్లు. మా నాయన వద్దంటే ఇనకుండ లారీ ఎక్కిన. రైలు ఎట్లుంటదో జూడాలెనని ఎక్కిన.'

నా ఆలోచన ఆ మాట దగ్గరే మలుపు తిరిగింది. మనం రెండు మాటలు పంచి పెట్టుకున్నాం. పేదవాడు కదిలితే వలస. మనం కదిలితే యాత్ర. వాడికి ఆకలి ఒక్కటే ఉన్నట్టు, మనకు కోరిక ఒక్కటే ఉన్నట్టు. లారీ ఎక్కిన ఆ పదహారేళ్ళ కుర్రాడి గుండెల్లో ఉన్నదీ, మా మేనల్లుడు మోటారు సైకిలు ఎక్కినప్పుడు ఉన్నదీ వేరువేరని ఎలా అనగలం? తెర ముందు కూర్చుని నలిగిపోయి ఇక ఉండలేక పోయినవాడిలో ఉన్న నిర్బంధాన్ని మాత్రం నిర్బంధం కాదని ఎలా అనగలం? జాలిపడేవాడు ఎదుటి మనిషికి ఆకలిని ఒప్పుకుంటాడు గాని కుతూహలాన్ని ఒప్పుకోడు. అది కూడా ఒక రకం దోపిడీయేనని నాకనిపిస్తుంది. అలాగని ఆ కూలీ బతుకును విహారమనడం పొగరు. పదిహేడో అంతస్తు నుంచి సముద్రం చూడడం వేరు, దిగిపోయి పాదాలు తడుపుకోవడం వేరు. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

మేస్త్రీ ఈ సంగతి నాకన్నా బాగా ఎరుగును. 'ఒకప్పుడు సెలవు నేను అడిగెటోన్ని. ఇప్పుడు నేనే ఇయ్యాలె. ఇస్తే పని ఆగుతది, ఇయ్యకుంటె ఉసురు తగుల్తది' అన్నాడు. తల్లి పోయిన కబురు అతనికి సూరత్‌లో అందింది. అప్పటి మేస్త్రీ ఆ రోజు స్లాబు అయ్యే దాకా వదల్లేదు. మూడో నాడు ఊరు చేరాడు. ఇది చెబుతూ అతను ఆ మేస్త్రీని తిట్టలేదు. తన గుంపులో ఆ వారమే ఇద్దరికి సెలవు లేదన్నానని మాత్రం చెప్పాడు.

చట్టంలో వీళ్ళకూ ఒక ఎల్.టి.సి. ఉంది సుమండీ. 1979లో పార్లమెంటు చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు వేరే రాష్ట్రానికి తీసుకుపోయిన కూలీకి రానుపోను చార్జీలు ఇవ్వవలసి ఉండేది. ప్రయాణంలో గడిచిన రోజులకు కూడా, పనిలో ఉన్నట్టే లెక్కగట్టి కూలి ఇవ్వవలసి ఉండేది. దారిలో ఉన్న మనిషి పనిలో ఉన్నట్టే అని ఒప్పుకున్న ఆ వాక్యం రాసినవారెవరో గాని నమస్కరించాలి. 2020లో చేసిన కొత్త కార్మిక స్మృతిలో కూడా ఊరికి పోయి రావడానికి చార్జీ మాట ఉంది. మేస్త్రీకి ఈ ముక్క చెబితే, 'గది ఏ ఆఫీసుల ఇస్తరు సారూ?' అని అడిగాడు. వేళాకోళానికి అన్నాడో నిజంగానే అడిగాడో నాకు అంతు చిక్కలేదు.

కర్ణాటకలో ఉన్న మనకు 2020 మే నెల గుర్తుండాలి. మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకుంది. మే మొదట్లో కూలీల కోసం శ్రామిక రైళ్ళు మొదలయ్యాయి. మాలూరు నుంచీ చిక్కబాణావర నుంచీ బీహారుకూ ఒడిశాకూ కొన్ని బయలుదేరాయి. మే 5న ముఖ్యమంత్రి భవన నిర్మాతలతో సమావేశమయ్యారు. ఆ తర్వాత, ఇక రైళ్ళు అక్కర్లేదని ప్రభుత్వం రైల్వేకు లేఖ రాసింది. కూలీలు పోతే కట్టడాలు ఆగిపోతాయి. దేశమంతా గగ్గోలు పుట్టాక రెండు మూడు రోజుల్లో మళ్ళీ రైళ్ళకు ఒప్పుకున్నారు. ఆ రెండు మూడు రోజుల్లో కొన్ని వేల మంది మూటలు నెత్తిన పెట్టుకుని నడక మొదలుపెట్టారు. పని లేనప్పుడు కూడా పోవడానికి సెలవు దొరకని స్థితి అది. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం ఇంకో పథకం తెచ్చింది. ఉద్యోగులు ఎల్.టి.సి. మీద ఎక్కడికీ పోనక్కర్లేదు. బదులుగా పన్ను ఎక్కువున్న వస్తువులు కొని రశీదు చూపిస్తే చాలు. యాత్రకు బదులు ఫ్రిజ్జు కొనుక్కోవచ్చన్న మాట. పదవిలో ఉన్న నా మిత్రులు కొందరు కొన్నారు కూడా. ఒకే దేశం, ఒకే ఏడాది. ఒకరి ప్రయాణం సామానుగా మారింది, ఇంకొకరు సామాను మోసుకుంటూ నడిచారు.

మన కళ్ళ ముందే రోజూ జరిగే ఇంకో యాత్ర ఉంది. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. అక్కడి వాళ్ళు చాలామంది ఊరు వదలలేదు. తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు వచ్చి, పని చేసుకుని, రాత్రికి తిరిగి పోతారు. అందులో తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు. రానుపోను దగ్గర దగ్గర 170 కిలోమీటర్లు. ఏడాదికి 280 పనిదినాలు వేసుకున్నా 47,000 దాటుతుంది. భూమి చుట్టుకొలత 40,000. అంటే గదులు తుడవడానికో, దుకాణంలో నిలబడడానికో, ఫైళ్ళు రాయడానికో ఏటా భూప్రదక్షిణ చేసి, పైన ఇంకొంత తిరుగుతున్నారు. రాహుల్‌జీ శాస్త్రంలో వీళ్ళకు అధ్యాయం లేదు. కూర్చునే చోటు దొరికితే నిద్రపోతారు. నిద్ర పట్టని వాళ్ళు చీట్ల పేక ఆడతారు, పూలు కడతారు, కాయగూరలు తరుగుతారు. ఆ రైల్లో కిటికీలోంచి బయటికి చూసే మనిషి ఎవరైనా ఉంటారా అని ఒకసారి ప్రత్యేకంగా ఎక్కి చూశాను. ఉన్నారు. ఒక నడివయసు ఆవిడ మాలూరు దాటిన దగ్గర్నుంచి వైట్‌ఫీల్డు దాకా చూపు తిప్పలేదు. ఏం చూస్తున్నారమ్మా అని అడగడానికి నోరు రాలేదు. ఆ కాస్త సేపు ఆమె సొంతం.

మా మేనల్లుడు తిరిగొచ్చాడు. ఎండకు కమిలి, కాస్త చిక్కి, ఇంట్లో కంచాలు ఎత్తుతున్నాడు. పక్కింటి మేస్త్రీతో స్నేహం కలిసింది. ఇద్దరూ గోడ మీద కూర్చుని గోవా సంగతులు చెప్పుకుంటుంటే ఇద్దరూ చూసింది ఒకే గోవాయేనా అని నాకు అనుమానం వచ్చేది. ఒకరు సముద్రం ఒడ్డున కట్టిన హోటళ్ళ గురించి, ఇంకొకరు ఆ హోటళ్ళ పునాదుల గురించి. కాని ఒకరి మాట ఒకరు ఆసక్తిగా వినేవారు. ఇల్లు పూర్తయి గుంపు వేరే చోటికి పోయింది. పోయేముందు మేస్త్రీ తన పద్ధతిలో ఒక్క మాట అన్నాడు, 'పోయొస్త సారూ' అని. మనవాళ్ళు పోతానని అనరు, తిరిగొస్తానని కూడా కలిపే చెబుతారు.

కుర్రాడు ఇప్పుడు మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఎక్కడికి పోయినా ఆ ఏడు నెలల గురించి అడుగుతున్నారట. అంతకాలం ఖాళీగా ఎందుకున్నావని. ఆరోగ్యం బాగాలేదని రాయి, లేదా తల్లిదండ్రుల్ని చూసుకున్నానని రాయి అని స్నేహితులు సలహా ఇచ్చారు. దేశం చూశానని రాస్తే సోమరి అనుకుంటారట. మొన్న మా ఇంట్లో కూర్చునే ఒక దరఖాస్తు నింపాడు. ఆ గడి దగ్గర కాసేపు ఆగి, ఏడు నెలలు ప్రయాణం, అందులో రెండు నెలలు పాత్రలు తోమాను అని రాసి పంపించాడు. ఇంకా జవాబు రాలేదు.